కదలని బంతి, చలించు మనస్సు

క్రికెట్టునందు బంతి మనమీదికి వచ్చును. టెన్నిసునందు ఎదుటివాడు కొట్టినదానికి మనము బదులు చెప్పవలెను. కబడ్డీయందు మనలను పట్టుకొనుటకు ఏడుగురు పొంచియుందురు. వీనిలో తప్పు జరిగినపుడు ఎదుటివాని ప్రతిభయో, అంపైరు నిర్ణయమో, క్షణకాలపు తొందరయో, ఏదో యొకటి మన నెత్తిమీది భారమును కొంత పంచుకొనును. గోల్ఫునందు అట్టి వెసులుబాటు లేదు. 45.93 గ్రాములకు మించని బరువును, 42.67 మిల్లీమీటర్లకు తగ్గని వ్యాసమును గల చిన్నబంతి పచ్చికమీద కదలక మెదలక పడియుండి, ఆటగాడు సిద్ధమగునంతవరకు వేచియుండును. దానిని లాగుకొనువాడు లేడు, అడ్డుకొనువాడు లేడు. ఐనను అది పోవలసిన చోటికి పోక చెట్లలోనికో, ఇసుకగుంటలోనికో, చెరువులోనికో పోయినపుడు, ఈ తప్పు ఎవరిదని వెదకబోయినచో చుట్టుపట్ల తాను తప్ప మరియొకడు కానరాడు. ఈ ఆటలో పుట్టు కోపము తక్కిన ఆటల కోపముకంటె తీక్ష్ణముగా నుండుటకు ఇదియే మొదటి కారణమని నా అభిప్రాయము.

రెండవ కారణము కాలము. ఆట నెరుగని పాఠకులకొరకు రెండు మాటలు చెప్పవలెను. విశాలమైన మైదానమున పద్ధెనిమిది చోట్ల 108 మిల్లీమీటర్ల వ్యాసము గల గుంటలుండును. ఒక్కొక్కదానికి వంద గజములు మొదలు ఐదారువందల గజముల దూరమునుండి ఆరంభించి, సంచిలో పదునాలుగింటికి మించకుండ పెట్టుకొన్న క్లబ్బులను, అనగా కొట్టెడి కర్రలను, సమయానుకూలముగా వాడుచు, వీలైనన్ని తక్కువ షాట్లలో బంతిని గుంటలో వేయుటయే ఆట. నేర్పరియైనవాడు ఇన్ని షాట్లలో ముగింపగలడని నిర్ణయించిన లెక్కకు 'పార్' అని పేరు. సాధారణముగా పద్ధెనిమిదింటికి కలిపి అది 72 గాని, అందుకు ఒకటి రెండు తక్కువ గాని ఉండును. కర్ర వెనుకకు పోయి ముందుకు వచ్చి బంతిని తాకుటకు రెండు సెకండ్లైనను పట్టదు. 72 షాట్లకు రెండేసి సెకండ్ల చొప్పున లెక్కించినను, బంతిని నిజముగా కొట్టెడి కాలము రెండున్నర నిమిషములకు మించదు. ఒక్కొక్క షాటుకు 40 సెకండ్లకు మించి తీసికొనవలదని 2019 నాటి నియమావళి చేసిన సూచన మేరకు ఆ వ్యవధినంతయు వాడుకొన్నను మొత్తము 48 నిమిషములు. కాని మైదానముమీద గడచునవి నాలుగు గంటలు. తక్కిన మూడు గంటలును నడకయే, నిరీక్షణయే. ఫుట్‌బాలు ఆడువానికి తన తప్పును తలపోయుటకు తీరిక యుండదు. మరుక్షణమే బంతి మరల కాలిముందు పడును. గోల్ఫు ఆడువానికో, ప్రతి తప్పు వెంటను రెండువందల గజముల ఏకాంతము లభించును. ఆ ఏకాంతమున మనస్సుతో ఏమి చేయుదుమో అదియే ఈ ఆటలో అసలు విద్య.

కోపము వచ్చినపుడు శరీరమునందు జరుగు మార్పులను అమెరికా శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున విపులముగా వివరించెను. మూత్రపిండముల శిరోభాగమున నుండు గ్రంథులు అడ్రినలిన్ అను స్రావమును రక్తములోనికి విడుచును, గుండె వేగము హెచ్చును, శ్వాస పొట్టిదగును, కండరములు బిగియును. పోరాడుటకో, పారిపోవుటకో ప్రాణిని సంసిద్ధము చేయు ఈ ఏర్పాటు పులి యెదురైనవానికి మహోపకారము. నూటయేబది గజముల దూరమునుండి బంతిని మెత్తగా దింపవలసినవానికి మహాపకారము. కోపించిన ఆటగాని చేతులను దగ్గరనుండి చూడుడు. మొదట బొటనవ్రేలును చూపుడువ్రేలును కర్రను నొక్కును. ఆ బిగువు మణికట్టు దాటి ముంజేతికి ప్రాకును. పిమ్మట భుజములు చెవులవైపునకు లేచును. సులువుగా మడతపడవలసిన మణికట్టు కొయ్యబారుటచేత కర్ర పూర్తిగా వెనుకకు పోకమునుపే తొందరపడి తిరిగివచ్చును. దాని ముఖము బంతిని తాకువేళకు ఏ ఒకటి రెండు డిగ్రీలో ప్రక్కకు తిరిగియుండును. ఒక్క డిగ్రీ తొలగి బయలుదేరిన బంతి 200 మీటర్లు పోవుసరికి ఉద్దేశించిన రేఖకు మూడున్నర మీటర్ల దూరమున నుండును. పైగా వంపు తిరిగినచో ఆ యంతరము ఇంకను పెరుగును. పచ్చికకును ఇసుకకును నడుమ నుండునది చాలచోట్ల ఆ మూడున్నర మీటర్లే.

శరీరమునకు జరుగు హానికంటె బుద్ధికి జరుగు హాని గొప్పది. గీతయందలి ద్వితీయాధ్యాయమున క్రోధమునుండి సమ్మోహము, దానినుండి స్మృతిభ్రంశము, దానినుండి బుద్ధినాశము అను క్రమమును మనము చిన్ననాటనుండి వినుచున్నాము. ఆ క్రమమున స్మృతిభ్రంశమునకు ఇచ్చిన స్థానము ఎంత యథార్థమో తెలియవలెనన్నచో కోపించిన గోల్ఫు ఆటగానిని పరిశీలింపవలెను. ఐదు నిమిషములకు ముందు గాలి ఎటునుండి వీచుచున్నదో అతనికి తెలియును. గ్రీన్, అనగా గుంట చుట్టును నున్నని పచ్చిక పరచిన నేల, ఎటు వాలియున్నదో తెలియును. తన చేతిలోని కర్ర ఎంత దూరము కొట్టగలదో ఏండ్ల తరబడి సాధనచేసి తెలిసికొనియున్నాడు. ఒక్క షాటు తప్పి బంతి చెట్లలోనికి పోయినంతనే ఈ జ్ఞానమంతయు ఎక్కడికో పోవును. ప్రక్కకు మెల్లగా కొట్టి బంతిని తెరపిలోనికి తెచ్చుకొన్నచో ఒక్క షాటుతో పోవు నష్టమును, పోయిన రూపాయికై పది రూపాయలు పందెమొడ్డు జూదరివలె, రెండు కొమ్మల నడుమ జానెడు సందులోనుండి గ్రీన్‌మీదికే కొట్టి ఒక్కసారిగా పూడ్చుకొనవలెనని చూచును. బంతి కొమ్మకు తగిలి ఇంకను లోపలికి పోవును. స్కోరు కార్డుమీద ఐదు వేయవలసినచోట ఎనిమిది వేసికొన్న వారినడిగినచో, ఆ మూడింటిలో ఒకటి మాత్రమే చేతకానితనమువలన వచ్చినదనియు, తక్కిన రెండును కోపమువలన వచ్చినవనియు, నిదానమైన తరువాత వారే యొప్పుకొందురు.

ఈ విషయమున బాబీ జోన్స్ జీవితమును మించిన నిదర్శనము గోల్ఫు చరిత్రలో లేదు. అమెరికాలోని అట్లాంటా నగరమున 1902 మార్చి 17న పుట్టిన ఈతడు పదునాలుగవ యేట, 1916లో, ఫిలడెల్ఫియా చెంతనున్న మెరియన్ మైదానమున జాతీయ అమెచ్యూర్ పోటీలో, అనగా ధనముకొరకు గాక ఆడువారి పోటీలో, దిగి, తనకంటె ఎంతో పెద్దవారిని ఓడించెను. అతని స్వింగునందలి, అనగా కర్రను త్రిప్పి కొట్టు తీరునందలి, సౌందర్యమును చూచి విస్మయమొందినవారే, షాటు తప్పినపుడు ఆ బాలుడు కర్రలు విసరివేయుటయు దుర్భాషలాడుటయు చూచి నొచ్చుకొనిరి. అటుపిమ్మట ఏడేండ్లపాటు, నైపుణ్యమున అతనికి సాటివచ్చువారు అరుదైనను, పెద్ద పోటీ యొక్కటియు అతని చేజిక్కలేదు. కారణము పదుగురును ఎరిగినదే.

1921లో స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూస్ మైదానమున బ్రిటిష్ ఓపెన్ పోటీ జరిగెను. గోల్ఫునకు పుట్టినిల్లని లోకము గౌరవించు నేల అది. మూడవ ఆవృత్తమున, అనగా పద్ధెనిమిది గుంటలను మూడవమారు ఆడునపుడు, జోన్స్ మొదటి తొమ్మిది గుంటలకే 46 షాట్లు తీసికొనెను, పదవదానికి ఆరు. పదునొకండవ గుంట దూరము తక్కువది, కాని దాని చెంత లోతైన బంకరు, అనగా ఇసుకగుంట, ఉన్నది. బంతి అందులో పడెను. కొట్టిన కొలదిని ఇసుక లేచుచున్నదే గాని పని ముగియలేదు. పందొమ్మిదేండ్ల ఆ యువకుడు ఇక చాలునని బంతిని చేతికెత్తుకొనెను. స్కోరు కార్డును చించివేసెనని చెప్పుదురు. సముద్రము దాటి వచ్చినవాడు, ఆ పుణ్యభూమియందు, ఆటను నడుమ విడుచుట చూచినవారికి అది మరపురాని అపచారమయ్యెను. పోటీలో ఆటను విడిచివేయుట గోల్ఫులో తనకు గల విచారములలో ప్రధానమైనదని తరువాతి కాలమున అతడే వ్రాసికొనెను. ఆ యేడే సెయింట్ లూయిస్ నగరమున అమెరికా అమెచ్యూర్ పోటీలో ఓడిపోవుచు, కోపముతో విసరిన కర్ర ఎగిరిపోయి, చూడవచ్చిన యొక స్త్రీ కాలికి తగిలెను. నిగ్రహము నేర్చుకొననంతవరకు తమ పోటీలలో ఆడనీయమని జాతీయ గోల్ఫు సంఘమునుండి అతనికి లేఖ వచ్చెను.

ఆ లేఖ అతనికి జరిగిన గొప్ప మేలు. అభిమానులు మన్నించుచుండగా, పత్రికలు ఉడుకురక్తమని సరిపెట్టుచుండగా, ఒక పెద్ద సంస్థ మాత్రము నీ ప్రతిభ ఎంతయైనను నీ నడవడిని భరింపమని నిష్కర్షగా చెప్పినది. జోన్స్ మారెను, ఒక్కనాటిలో కాదు. తనకు ప్రత్యర్థి ఎదుటి మనుష్యుడు కాడనియు, ఎన్నడును ఉత్సాహపడక, ఎన్నడును దిగులుపడక, ఒక్కొక్క గుంటను నిర్ణీతమైన లెక్కలో ముగించుకొనుచు పోవు 'పార్' అను ముసలివానితోనే తన ఆట యనియు అతడు భావింప నారంభించెను. ఈ భావమునందలి సూక్ష్మము గమనింపదగినది. ఎదుటివాడు మంచి షాటు కొట్టినచో మనకు అసూయ, చెడ్డది కొట్టినచో ఆశ. రెండును మనస్సును కదల్చునవే. పార్ అను ముసలివానిమీద అసూయ పుట్టదు, అతడు తప్పు చేయునను ఆశయు లేదు. కోపమునకు కావలసిన ఇంధనము సగము అక్కడనే తరిగిపోవును.

1923లో జోన్స్ అమెరికా ఓపెన్ గెలిచెను. 1925లో వూస్టర్‌లో అదే పోటీ జరుగుచుండగా, ఎత్తైన గడ్డిలో నున్న బంతి, తాను కర్రను చేర్చునప్పుడు రవ్వంత కదలినదని తానే చెప్పి, చూచినవారెవ్వరును లేకపోయినను పట్టుబట్టి ఒక షాటు దండనగా వేయించుకొనెను. ఆ పోటీ సమమై మరల ఆడవలసి వచ్చి, కడకు ఒక్క షాటు తేడాతో అతడు ఓడిపోయెను. నాలుగేండ్లకు ముందు స్కోరు కార్డును గౌరవింపని చేయి ఇదియే యని తలచుకొన్నచో మనుష్యుడు ఎంత దూరము నడిచి రాగలడో తెలియును. 1926లో ఇంగ్లండునందలి లైథమ్ మైదానమున బ్రిటిష్ ఓపెన్ చివరిరోజున, పదునేడవ గుంటవద్ద, ఎదుటివాడైన ఆల్ వాట్రస్ రెండు షాట్లలో గ్రీన్‌మీదికి చేరియుండగా, జోన్స్ బంతి ఎడమవైపున ఇసుకలో పడియుండెను. ఇద్దరి లెక్కయు అప్పటికి సమము. నడుమ నున్నది ఇంచుమించు 175 గజములు. ఇసుకనుండి బంతిని శుభ్రముగా తీయవలెనన్నచో ఇసుక రవ్వలను తాకకుండ బంతిని మాత్రమే తాకవలెను. వ్రేళ్ళలో ఏమాత్రము బిగువున్నను అది సాధ్యము కాదు. బంతి గ్రీన్‌మీదికి పోయెను. వాట్రస్ చెదరి మూడు పుట్టులు, అనగా గ్రీన్‌మీద బంతిని గుంటవైపునకు దొర్లించు షాట్లు, తీసికొనెను. జోన్స్ విజేత యయ్యెను. ఆ చోట నాటిన ఫలకము నేటికిని ఉన్నది. 1921లో అతనిని ఓడించినది ఇసుకయే, 1926లో గెలిపించినదియు ఇసుకయే. నడుమ ఐదేండ్లలో మారినది చేతినేర్పు కాదు.

మరుసటి యేడు సెయింట్ ఆండ్రూస్‌నందే ఓపెన్ గెలిచి, బహుమానపాత్రను ఆ ఊరనే యుంచుడని కోరి, ఆ జనుల హృదయములను చూరగొనెను. 1930లో బ్రిటిష్ అమెచ్యూర్, బ్రిటిష్ ఓపెన్, అమెరికా ఓపెన్, అమెరికా అమెచ్యూర్ అను నాలుగింటిని ఒక్క యేటనే గెలిచి, మొత్తము పదుమూడు మహాపోటీల విజేతయై, ఇరువదియెనిమిదవ యేట పోటీలనుండి విరమించెను. పూర్వము ఏ ఊరిలో బంతిని చేతికెత్తుకొని పోయెనో ఆ ఊరివారే 1958లో అతనికి పౌరసత్వగౌరవమిచ్చిరి. అంతకుముందు ఆ గౌరవమును పొందిన అమెరికా దేశీయుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక్కడే.

అయితే ఇందులో ఇంకొక సత్యము దాగియున్నది. దానిని చెప్పకున్నచో పాఠకునికి అన్యాయము చేసినట్లగును. పైకి ప్రశాంతుడై కనిపించిన ఆ కాలమున జోన్స్ లోలోపల నలిగిపోవుచుండెను. పోటీదినములలో ఆహారము ఇమిడెడిది కాదు. ఒక్కొక్క పోటీ ముగియుసరికి ఎన్నో పౌండ్ల బరువు తగ్గెడివాడు. అంత చిన్న వయస్సున విరమించుటకు ఈ యాతనయు ఒక కారణము. కోపమును పైకి రానీయకుండుట వేరు, దానిని విడిచిపెట్టుట వేరు. మొదటిది మర్యాద, రెండవది ఆరోగ్యము. జోన్స్ మొదటిదానిని పరిపూర్ణముగా సాధించెను. రెండవదానికి కావలసిన శాస్త్రము అతని కాలమునకు ఇంకను పండలేదు.

లోపల అణచుకొనుటకంటె వెళ్ళగ్రక్కుట మేలని చాలమంది నమ్మకము. కర్రతో నేలను మోదినచో, బిగ్గరగా తిట్టుకొన్నచో మనస్సు తేలికపడునని ఆటగాండ్రు చెప్పుదురు. ఇది నిజము కాదు. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 2002లో ప్రకటించిన పరిశోధనయందు, కోపము తెప్పించినవానిని తలచుకొనుచు సంచిని గ్రుద్దినవారికి కోపము హెచ్చెనే గాని తగ్గలేదు; ఏమియు చేయక ఊరక కూర్చున్నవారే తక్కువ కసితో నుండిరి. 2024లో అతడును మరియొక పరిశోధకురాలును 150కి పైగా పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినపుడును ఇదియే తేలినది: శరీరమును ఉద్రేకపరచు పనులు కోపమును తగ్గింపవు, గుండెను, ఊపిరిని నెమ్మదింపజేయు పనులే తగ్గించును.

వెళ్ళగ్రక్కుటవలన ఆటకు కలుగు నష్టమునకు బెన్ క్రెన్‌షా కథ చాలును. స్వభావముచేత సౌమ్యుడని పేరు పొందిన ఈతడు 1987లో అమెరికాకును యూరపునకును నడుమ జరుగు రైడర్ కప్ పోటీలో, చివరిదినమున ఐర్లండుకు చెందిన ఎయిమన్ డార్సీతో ఆడుచు, ఆరవ గుంటవద్ద మూడు పుట్టులు వేసిన కోపమున పుట్టరును విసురుగా తగిలించెను, అది విరిగిపోయెను. పుట్టరన్నది బంతిని గుంటలోనికి మెల్లగా దొర్లించు కర్ర. ఆటలో దానికంటె ఎక్కువగా పనిపడునది వేరొకటి లేదు. కోపముతో విరిచినదానికి బదులు మరియొకటి తెచ్చుకొనుటకు నియమము ఒప్పదు. అందుచేత అతడు మిగిలిన పండ్రెండు గుంటలను దూరముకొట్టు ఇనుపకర్రతోను, ఇసుకనుండి తీయు కర్ర అంచుతోను నెట్టుకొనివచ్చి, చిట్టచివరి గుంటవద్ద ఓడిపోయెను. అమెరికా జట్టు సొంతగడ్డమీద మొట్టమొదటిసారిగా, 15–13 తేడాతో, ఆ యేడే ఓడినది. నేటి నియమావళియందును ఈ నీతి అట్లే నిలిచియున్నది: ఆటగాడు కోపముచేత పాడుచేసిన కర్రతోనే ఆటను సాగింపవచ్చును గాని దానిని మార్చుకొనరాదు.

మరి మార్గమేది? నా దృష్టిలో మొదటి మెట్టు మైదానమునకు పోకమునుపే ఎక్కవలసినది. జోన్స్‌కు సమకాలికుడైన వాల్టర్ హేగెన్, పదునొకండు మహాపోటీల విజేత, ఒక్కొక్క ఆటలో తనకు ఏడు చెడ్డషాట్లు తప్పవని ముందే యనుకొని వచ్చెడివాడు. చెడ్డషాటు పడినపుడు ఏడింటిలో ఒకటి ముగిసినదనుకొనుటయే గాని విధి తనకు ద్రోహము చేసినదనుకొనుట లేదు. పరిపూర్ణతను ఆశించి వచ్చినవానికి మొదటి తప్పే అవమానము. తప్పును లెక్కలో వేసికొని వచ్చినవానికి అది ఖర్చు.

తక్కిన మెట్లు ఆ మూడుగంటల నడకలో నున్నవి. షాటు తప్పినంతనే జరిగినదానిని జరిగినట్లు మాటలలో పెట్టుకొనవలెను: కుడికి పోయినది, తొందరపడితిని, అంతియే. నేను పనికిమాలినవాడను అను మాట వార్త కాదు, తీర్పు; ఆ తీర్పును చెప్పుటకు అది స్థలము కాదు. కర్ర ముఖమున అంటిన మట్టిని తుడుచునంతసేపు కోపపడవచ్చును. కర్ర సంచిలో పడినతోడనే ఆ షాటు ముగిసినది. ఇట్టి చిన్న హద్దును ఏర్పరచుకొనుట ఉత్తమమైన ఆటగాండ్రు అనేకులు పాటించు పద్ధతి. కొందరికి అది పది అడుగులు, కొందరికి చేతితొడుగు విప్పుట. హద్దు ఏదైనను దానిని దాటిన తరువాత వెనుకకు చూడరాదు. అక్కడనుండి చూపు నేలమీద గాక చెట్లతలలమీదనో గుంటలో నిలిపిన జెండామీదనో ఉండవలెను; తల వంచుకొని నడచువాని మనస్సు గడచినదానినే నమలుచుండును. పీల్చు ఊపిరికంటె విడుచు ఊపిరి దీర్ఘముగా నుండవలెను. మెదడునుండి గుండెకు దిగు వేగస్ అను నాడి ఆ దీర్ఘనిశ్వాసమున పనిచేసి గుండెవేగమును తగ్గించును. ప్రక్కనున్నవానితో పిల్లల చదువునుగూర్చియో, వానలనుగూర్చియో మాటలాడుట తప్పు కాదు; నాలుగు గంటలు ఏకాగ్రతను పట్టియుంచుట మనుష్యమాత్రునికి అసాధ్యము, అనవసరమును. దానిని విడుచుటయు, వలసినపుడు మరల పిలుచుటయు నేర్చుకొనవలెను.

పిలుచు చోటు బంతికి కొంచెము ఇవతల. అక్కడ సంభాషణ ఆపి, గాలిని, దూరమును, బంతి కూర్చున్న తీరును చూచి, కర్రను ఎన్నుకొని, బంతి వెనుక నిలిచి, పోవలసిన దారిని కన్నులయెదుట చిత్రించుకొనవలెను. లక్ష్యము ఎంత చిన్నదైనచో మనస్సు అంతగా నిలుచును. ఆ చెట్లవైపు అనుకొనుటకంటె ఆ చెట్టు ఎడమకొమ్మ చివర అనుకొనుట మేలు. తరువాత బంతిని సమీపించి, వ్రేళ్ళను ఒకసారి బిగించి వదలి, ఇంక ఆలోచింపక కొట్టవలెను. శిక్షకులు ఇక్కడ ఒక కిటుకు చెప్పుదురు: ప్రశాంతముగా నున్నపుడు ఈ క్రమమునకు ఎంత సేపు పట్టునో, కోపముగా నున్నపుడును అంత సేపే పట్టవలెను. కోపించినవాడు తనకు తెలియకయే దీనిని కురుచ చేయును. చూపు తగ్గించును, ఒక మెట్టు దాటవేయును. గడియారము పట్టి చూచు మిత్రుడొకడుండినచో, నీకు కోపము వచ్చినదని నీకంటె ముందు అతడు చెప్పగలడు. మరియొక మాట, ఇది చిన్నదని తోచినను చిన్నది కాదు: ఎండలో నాలుగు గంటలు నడచువానికి దాహమును ఆకలియు కోపరూపమున బయటపడును. మన వేసవిలో తెల్లవారుజామున ఆట మొదలుపెట్టి, నడుమనడుమ నీళ్ళు త్రాగుచు, ఒక అరటిపండు తినుట అనేకుల కోపమునకు చౌకయైన చికిత్స.

ఏకాగ్రతను మరల చేజిక్కించుకొనుట ఎట్లుండునో లోకమంతయు 2025 ఏప్రిలులో చూచినది. ఉత్తర ఐర్లండుకు చెందిన రోరీ మెకిల్రాయ్ 2011లో అమెరికాలోని అగస్టానందు జరుగు మాస్టర్స్ పోటీ చివరిదినమున నాలుగు షాట్ల ఆధిక్యముతో బయలుదేరి, 80 కొట్టి, పోటీ పోగొట్టుకొన్నవాడు; 2015లో ఫ్లోరిడాయందు కోపమున కర్రను చెరువులోనికి విసరినవాడు. పదునాలుగేండ్ల పిమ్మట అదే అగస్టాలో చివరిదినమున మొదటి గుంటవద్దనే రెండు షాట్లు నష్టపోయెను; పదుమూడవదానివద్ద సులభమైన షాటును వాగులో వేసెను; పద్ధెనిమిదవదానివద్ద దగ్గరి పుట్టును తప్పి, గెలువవలసిన పోటీని జస్టిన్ రోజ్‌తో సమము చేసికొనెను. గెలుపు తేల్చుటకై మరల అదే గుంటను ఆడుటకు నడచిపోవుచుండగా, వెంటనున్న కాడీయు, అనగా కర్రల సంచి మోయు సహాయకుడును, చిన్ననాటి మిత్రుడును నైన హ్యారీ డైమండ్, ఈ వారము మొదట సోమవారము ఉదయము ఈ స్థితిని ఇచ్చెదమన్నచో మనము సంతోషముగా పుచ్చుకొనెడివారము కదా యని జ్ఞాపకము చేసెను. ఆ మాటలో ఓదార్పు లేదు, హెచ్చరిక లేదు. లెక్క మాత్రము సరిచేయబడినది. కొలది నిమిషముల క్రిందట పుట్టు తప్పినవాడు, అదే గుంటకు గ్రీన్‌మీద జెండా చెంతకు బంతిని చేర్చి, గెలిచెను.

మనదేశమున బెంగుళూరుకు చెందిన అదితి అశోక్ ఇట్టి నిదానమునకు ఉదాహరణము. 2021 ఆగస్టులో జరిగిన టోక్యో ఒలింపిక్సులో, తల్లి కాడీగా వెంట నడువగా, తనకంటె ఎంతో దూరము కొట్టగల క్రీడాకారిణులతో నాలుగు దినములు సరితూగి, ఒక్క షాటు తేడాతో పతకము తప్పి నాలుగవ స్థానమున నిలిచెను. దూరము కొట్టు బలము లేనిచోట పుట్టరును, ప్రశాంతతను నమ్ముకొని ఒలింపిక్ పతకము అంచుదాక పోవచ్చునని ఆమె చూపినది.

హైదరాబాదులో గోల్కొండ కోటగోడల చెంతను, విశాఖపట్టణమునందును ఉన్న మైదానములకు ఉదయముననే పిల్లలను తీసికొనివచ్చు తల్లిదండ్రులకును, వారికి ఆట నేర్పు శిక్షకులకును నా మనవి ఇది. స్వింగు నేర్పుటకు కేటాయించు గంటలలో ఒకదానిని షాటుకును షాటుకును నడుమ నడచుట నేర్పుటకు కేటాయింపుడు. కర్రను విసరిన పిల్లవానిని, వాడెంత ప్రతిభావంతుడైనను, ఆ దినమున ఆట మాన్పించి ఇంటికి తీసికొనిపొండు. జోన్స్‌కు లేఖ వ్రాసినవారు చేసినది అదియే. కాని దారిలో వానిమీద కోపపడకుడు.